అర ఎందుకు పన్నెండైంది?

2013 జనవరిలో గూగుల్ క్రోమ్ 24వ వెర్షన్ విడుదలైంది. వెబ్ పేజీల్లో లెక్కలు రాసేవాళ్లు ఏళ్ల తరబడి ఎదురుచూసిన సదుపాయం అందులో ఉంది. వెబ్‌లో గణితం రాసే భాష మ్యాథ్ఎంఎల్‌లో ఉన్న సమీకరణాన్ని ఆ బ్రౌజర్ తనంతట తానే చదివి, భిన్నానికి గీత గీసి, వర్గమూలానికి కప్పు వేసి, ఘాతాన్ని పైకెక్కించి చూపించింది. మరుసటి నెలలో 25వ వెర్షన్ వచ్చింది. సదుపాయం మాయమైంది. పేజీ అదే, కోడ్ అదే, కంప్యూటరూ అదే. రాత్రికి రాత్రి బ్రౌజర్ అప్‌డేట్ అయింది, తెల్లారేసరికి సూత్రం చెదిరిపోయింది.

ఎలా చెదిరిందో కాస్త దగ్గర్నుంచి చూడాలి. బ్రౌజర్లన్నీ పాటించే పాత నియమం ఒకటుంది: తెలియని ట్యాగు ఎదురైతే దాన్ని వదిలెయ్, లోపలున్న అక్షరాల్ని మాత్రం చూపించు. మ్యాథ్ఎంఎల్‌లో అర రాయాలంటే ముందు భిన్నం ట్యాగు తెరవాలి, లోపల లవం స్థానంలో 1, హారం స్థానంలో 2 పెట్టాలి, ట్యాగు మూసెయ్యాలి. ఆ ట్యాగు తెలియని బ్రౌజర్ 1ని, 2ని పక్కపక్కన పెడుతుంది. తెర మీద కనిపించేది 12. అదే లెక్కన మూడు స్క్వేర్ 32 అవుతుంది. తొమ్మిదికి వర్గమూలం ఒట్టి తొమ్మిదే. తప్పు జరిగిందని హెచ్చరిక ఏదీ రాదు, ఎర్ర గుర్తు పడదు. చదివే పిల్లవాడు పాఠంలోనే అలా ఉందనుకుంటాడు. లెక్కల పుస్తకంలో అచ్చుతప్పు ఎంత ప్రమాదమో టీచర్లందరికీ తెలుసు. ఇది పేజీలోని ప్రతి సూత్రానికీ ఒకేసారి పడ్డ అచ్చుతప్పు.

ఆ సదుపాయం మళ్లీ క్రోమ్‌లోకి వచ్చింది 2023 జనవరిలో, 109వ వెర్షన్‌తో. దాదాపు పదేళ్లు పట్టింది. ప్రపంచంలో ఎక్కువమంది వాడే బ్రౌజర్, లెక్కలు బాగా తెలిసిన ఇంజినీర్లతో నిండిన కంపెనీ. అర అనే భిన్నాన్ని సరిగ్గా చూపించడానికి పదేళ్లెందుకు? అసలు చేతికొచ్చినదాన్ని ఎందుకు వదిలేశారు?

కారణం తెలియాలంటే 2013 దగ్గర ఆగితే సరిపోదు, వెబ్ పుట్టిన చోటికే వెళ్లాలి. ఆ చోటే మొదటి వింత. 1989 మార్చిలో టిమ్ బెర్నర్స్‌-లీ వెబ్ ఆలోచనను కాగితం మీద పెట్టింది జెనీవా దగ్గర సెర్న్‌లో. అది భౌతిక శాస్త్ర ప్రయోగశాల. చుట్టూ ఉన్నవాళ్లంతా సమీకరణాల్లోనే ఆలోచించే మనుషులు. వాళ్లు కాగితాలు పంచుకోవడానికి పుట్టిన సాధనంలో సమీకరణం రాసే వీలు లేదు.

సూత్రాల్ని అందంగా పేర్చడం అప్పటికి ఎవరికీ చేతకాలేదేమో అనుకుంటే, ఆ అనుమానం నిలవదు. కంప్యూటర్ శాస్త్రవేత్త డొనాల్డ్ క్నూత్ 1978లోనే టెక్ అనే ప్రోగ్రామ్ తెచ్చాడు, 1982లో తిరగరాశాడు. తన పుస్తకం కొత్త ముద్రణకు వచ్చిన ప్రూఫులు అసహ్యంగా ఉన్నాయని మొదలుపెట్టిన పని అది. వెబ్ వచ్చేనాటికి గణితంలో, భౌతిక శాస్త్రంలో వ్యాసాలు చాలావరకు టెక్‌లోనో, దాని మీద కట్టిన లేటెక్‌లోనో తయారవుతున్నాయి. విద్య ఉంది, పదేళ్ల అనుభవమూ ఉంది.

పోనీ ఎవరికీ తోచలేదా? తోచింది. 1995 మార్చిలో డేవ్ రాగెట్ రాసిన హెచ్‌టీఎంఎల్ 3.0 ముసాయిదాలో గణితానికి ప్రత్యేకంగా ఒక ట్యాగు ఉంది. సమాకలన గుర్తుకు కింద ఒక అవధి, పైన ఒక అవధి పెట్టి, పక్కన భిన్నం రాసిన ఉదాహరణ కూడా అందులోనే ఉంది. దాన్ని చూపించడానికి అరీనా అనే ప్రయోగాత్మక బ్రౌజర్ కూడా తయారైంది. ఆ ముసాయిదాకు గడువు ఆరు నెలలు. సెప్టెంబరులో గడువు తీరింది, ముసాయిదా అటకెక్కింది. 1997 జనవరిలో అధికారికంగా వచ్చిన హెచ్‌టీఎంఎల్ 3.2లో పట్టికలున్నాయి, అక్షరాలకు రంగులున్నాయి, గణితం లేదు. ఎందుకంటే ఆ ప్రమాణం అప్పటికే నెట్‌స్కేప్, మైక్రోసాఫ్ట్ బ్రౌజర్లలో నడుస్తున్న వాటిని రాసిపెట్టింది. ఆ రెండు కంపెనీలు ఒకదాన్నొకటి తరుముకుంటున్న కాలమది. ఆ పరుగులో సమీకరణాల వల్ల ఎవరికీ ఒక అడుగు కలిసిరాదు.

దీన్ని నేను మొదటి గట్టి ఆధారంగా తీసుకుంటాను. ప్రమాణంలో ఏముందన్నది రెండో మాట. బ్రౌజర్ తయారుచేసేవాడు దాన్ని తన పనిగా ఒప్పుకున్నాడా అన్నదే మొదటి మాట.

ఇంట్లోకి రానివ్వకపోతే జనం కిటికీలోంచి దూరతారు. లెక్కల వాళ్లు మొదట పట్టుకున్న కిటికీ బొమ్మ. లీడ్స్ విశ్వవిద్యాలయంలో నికోస్ డ్రాకోస్ లేటెక్2హెచ్‌టీఎంఎల్ అనే ప్రోగ్రామ్ రాశాడు. లేటెక్ వ్యాసాన్ని ఇస్తే మామూలు వాక్యాల్ని వెబ్ పేజీగా, ప్రతి సూత్రాన్నీ చిన్న జిఫ్ బొమ్మగా మార్చి ఇచ్చేది. 2003లో వికీపీడియా కూడా సూత్రాల్ని పీఎన్‌జీ బొమ్మలుగానే చూపడం మొదలుపెట్టింది.

అలాంటి పేజీ చూసినవాళ్లకు ఆ ఇబ్బంది గుర్తుండే ఉంటుంది. వాక్యం మధ్యలో చిన్న భిన్నం బొమ్మ వస్తే అది వరుస మీద సరిగ్గా కూర్చోదు. బొమ్మ అడుగు అక్షరాల అడుగుతో కలుస్తుంది కాబట్టి భిన్నం మొత్తం పైకి లేచినట్టుంటుంది. నిజానికి భిన్నం గీత మైనస్ గుర్తు ఎత్తులో ఉండాలి. బొమ్మను నడిమికి సర్దమని చెబితే నడుమంటే ఏది అన్న దగ్గర బ్రౌజర్లలో ఒకదానికీ ఇంకోదానికీ పొత్తు కుదరదు. అక్షరాల సైజు పెంచితే మాటలు పెరుగుతాయి, సూత్రాలు అలాగే ఉంటాయి. ప్రింటు తీస్తే అంచులు రంపపు పళ్లలా వస్తాయి. వెతికితే దొరకవు, కాపీ చేస్తే రావు. చూపులేని విద్యార్థికి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఆ బొమ్మ దగ్గర ఆగిపోతుంది, లేదా వెనక దాచిన లేటెక్ కోడ్‌ని గుక్క తిప్పుకోకుండా అప్పజెబుతుంది.

రెండో కిటికీ ఫాంటు. గ్రీకు అక్షరాలు కావాలంటే సింబల్ అనే ఫాంటు పెట్టి, దాని కింద ఇంగ్లీషు అక్షరం రాసేవాళ్లు. ఇంగ్లీషు మొదటి అక్షరం ఆల్ఫాగా కనిపించేది. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో చక్కగా కనిపించేది కూడా. అదే పేజీని మొజిల్లాలో తెరిస్తే ఆల్ఫా ఉండాల్సిన చోట ఇంగ్లీషు అక్షరమే వచ్చేది. మొజిల్లాది తప్పని చాలామంది తిట్టుకున్నారు. కానీ పేజీ కోడ్‌లో ఏముందో మొజిల్లా అదే చదివింది. అక్కడ రాసింది ఇంగ్లీషు అక్షరమే కదా.

తెలుగువాళ్లకు ఈ జబ్బు కొత్తేమీ కాదు. 2000 తర్వాత కొన్నేళ్ల పాటు మన పత్రికల వెబ్‌సైట్లు ఒక్కొక్కటి ఒక్కో సొంత ఫాంటుతో నడిచాయి. ఆ ఫాంటు దించుకోకపోతే వార్త స్థానంలో అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు, చిహ్నాలు కనబడేవి. వాటిని యూనికోడ్ తెలుగులోకి మార్చి చూపడానికి ఫైర్‌ఫాక్స్‌కు పద్మ అనే చేర్పు కూడా వచ్చింది. తెరమీద కనిపించేది తెలుగే, ఫైలులో ఉన్నది తెలుగు కాదు. యూనికోడ్ వచ్చాక మన అక్షరానికి సొంత సంఖ్య దక్కింది. గణితానికీ అంతే: 2001లో వచ్చిన యూనికోడ్ 3.1లో దాదాపు వెయ్యి గణిత అక్షరాలకు సొంత స్థానాలు దొరికాయి. అయితే అక్షరం దొరికితే సగం పనే. ఒత్తును ఎక్కడ, ఎంత కిందకి వేయాలో తెలిసిన యంత్రాంగం లేకపోతే తెలుగు తెలుగుగా కనబడదు. గణితానికి అలాంటి యంత్రాంగం ఇంకా పెద్దది కావాలి.

ఎంత పెద్దదో క్నూత్ పనిలోనే కనిపిస్తుంది. టెక్‌కు గణిత గుర్తులున్న ఫాంటు ఇస్తే, అక్షరాల ఆకారాలతో పాటు అందులో కనీసం 22 కొలతలు ఉండాలి. సాగే బ్రాకెట్ల వంటివి ఉన్న ఫాంటులో ఇంకో 13. భిన్నం గీత మందమెంత, అది వరుసకు ఎంత ఎత్తున ఉండాలి, లవం గీత నుంచి ఎంత దూరం జరగాలి, ఘాతం ఎంత పైకెక్కాలి, భిన్నం లోపల ఉంటే ఎంత తగ్గాలి. ఇవి లేకుండా టెక్ పని మొదలే పెట్టదు. వర్గ సమీకరణం సూత్రం తీసుకోండి: మైనస్ బీ ప్లస్ ఆర్ మైనస్ రూట్ ఆఫ్ బీ స్క్వేర్ మైనస్ ఫోర్ ఏసీ, బై టూ ఏ. రూట్ గుర్తు ఎంత ఎత్తుండాలో లోపలి స్క్వేర్ తేల్చాలి. మధ్య గీత ఎంత పొడవుండాలో పైనున్న రూట్ తేల్చాలి. మొత్తానికి బయట బ్రాకెట్ వేస్తే అది ఎంత సాగాలో ఇవన్నీ తేలాకే తెలుస్తుంది. మామూలు పేజీలో బ్రౌజర్ వెడల్పు చూసుకుని పై నుంచి కిందికి వరుసలు నింపుకుంటూ పోతుంది. ఇక్కడ లోపలి నుంచి బయటికి రావాలి. బ్రౌజర్లకు అప్పట్లో ఆ కొలతలు ఇచ్చే ఫాంటే లేదు.

1998 ఏప్రిల్‌లో వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియం మ్యాథ్ఎంఎల్ 1.0ను ప్రమాణంగా ప్రకటించింది. ఎక్స్‌ఎంఎల్ పద్ధతిలో కన్సార్షియం తెచ్చిన తొలి భాషల్లో అదొకటి. టెక్‌లో ఒక్క వరుసలో అయిపోయే సూత్రం మ్యాథ్ఎంఎల్‌లో అరపేజీ తీసుకుంటుంది, ఎందుకంటే ప్రతి అంకెకూ, ప్రతి గుర్తుకూ తానేమిటో చెప్పుకునే ట్యాగు ఉండాలి. చేత్తో రాయడానికి అది నరకం. కానీ యంత్రానికి అనుమానం మిగలదు: ఇది సంఖ్య, ఇది చలరాశి, ఇది హారం.

ప్రమాణం వచ్చింది కదా, ఇక బ్రౌజర్లన్నీ చూపించాలి. ఎవరికి వారే యమునా తీరే అయింది. మొజిల్లాలో మ్యాథ్ఎంఎల్ పనిచేయాలంటే పేజీని ఎక్స్‌హెచ్‌టీఎంఎల్‌గా పంపాల్సి వచ్చేది. అలా పంపిన పేజీలో ఒక్క ట్యాగు మూయడం మరిచినా పాఠమంతా పోయి, పసుపు నేల మీద ఎర్ర అక్షరాలతో తప్పు వరుస సంఖ్య మాత్రమే మిగిలేది. అదే పేజీని ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కు పంపితే అది అసలు తెరిచేది కాదు, ఫైలు ఎక్కడ దాచుకుంటారని అడిగేది. ఎక్స్‌ప్లోరర్‌లో సమీకరణం చూడాలంటే డిజైన్ సైన్స్ కంపెనీ ఉచితంగా ఇచ్చే మ్యాథ్‌ప్లేయర్ ప్లగిన్ వేసుకోవాల్సి వచ్చేది, పేజీలో దాన్ని పిలిచే వరుసలు వేరే రాయాల్సి వచ్చేది. ఒకే పాఠానికి రెండు వేషాలు.

ఈ ఇరకాటంలో నాకు బాగా నచ్చిన పరిష్కారం బ్రిటన్‌లో డేవిడ్ కార్లైల్ చేసింది. పేజీకి ఒక మార్పిడి పత్రం జతచేస్తే, వచ్చింది ఏ బ్రౌజరో, ఏ ప్లగిన్ ఉందో అదే చూసుకుని, అక్కడికక్కడ పేజీని తగినట్టు మార్చేది. ఎంతో తెలివైన పని. దానికీ ఒక మెలిక పడింది: ఆ పత్రం పేజీ ఉన్న సర్వర్ మీదే ఉండాలి, లేకపోతే ఎక్స్‌ప్లోరర్ భద్రత పేరుతో ఒప్పుకునేది కాదు. పేజీని ఇంట్లో దాచుకుని తెరిస్తే మళ్లీ మొదటికొచ్చేది.

మొజిల్లాలో అన్నీ సరిగ్గా చేసినా ఇంకో గడప ఉండేది. పేజీ తెరవగానే ఒక పెట్టె ఎదురయ్యేది: ఈ పేజీలోని గణితం సరిగ్గా కనబడాలంటే సీఎంఎస్‌వై10, సీఎంఈఎక్స్10, మ్యాథ్1, మ్యాథ్2, మ్యాథ్4 ఫాంట్లు వేసుకోండి అని. ఒక్కో ఫాంటులో సాగే బ్రాకెట్ ముక్కలు ఒక్కో చోట ఉంటాయి కాబట్టి, ఏది ఎక్కడుందో మొజిల్లా వాళ్లు ఫాంటుకొక జాబితా ఫైలు రాసుకున్నారు. కొలతలు ఫాంటులో లేని లోటును చేత్తో పూడ్చడమన్నమాట. ప్రచురణ సంస్థలు కలిసి తలపెట్టిన స్టిక్స్ ఫాంట్లు 2010 దాకా బయటికి రాలేదు. కొలతల పట్టికను ఫాంటు లోపలే పెట్టే పద్ధతి మైక్రోసాఫ్ట్ ఆఫీస్ 2007తో, కేంబ్రియా మ్యాథ్ ఫాంటుతో వచ్చింది. అది బ్రౌజర్ల కోసం చేసింది కాదు, వర్డ్ కోసం చేసింది. కానీ ఈ కథలో తప్పిపోయిన ముక్క అదే.

ఇక్కడ ఇంకో ఆధారం. మొజిల్లాలో ఈ పనంతా మొదలుపెట్టింది ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో ఉన్న రోజర్ సిజే. కంపెనీ ఉద్యోగి కాదు, స్వచ్ఛందంగా చేశాడు. తర్వాత ఫ్రెడెరిక్ వాంగ్ వంటివాళ్లు ఆ పని అందుకున్నారు. సఫారీకి ప్రాణమైన వెబ్‌కిట్‌లోనూ 2010 ప్రాంతంలో ఆలెక్స్ మిలోవ్‌స్కీ, తర్వాత డేవ్ బార్టన్ బయటి నుంచే చేశారు. 2011లో సఫారీ 5.1లో అది వెలుగు చూసింది. క్రోమ్ కూడా అప్పటికి వెబ్‌కిట్ మీదే నడిచేది. కాబట్టి క్రోమ్ 24లో కనిపించిన మ్యాథ్ఎంఎల్ గూగుల్ కట్టింది కాదు, వారసత్వంగా వచ్చింది.

25లో పోయింది అందుకే. ఆ కోడ్‌లో భద్రతకు ముప్పు తెచ్చే లోపాలు బయటపడ్డాయి. వాటిని సరిచేసి, రోజూ కనిపెట్టుకుని ఉండే మనిషి గూగుల్‌లో లేడు. తెరిచి ఉంచిన తలుపును కాపలా లేదని మూసేశారు. ఆ నెలలో ఆ నిర్ణయం సబబేనని నా అభిప్రాయం; కోట్లమంది వాడే బ్రౌజర్‌లో చిల్లు ఉంచకూడదు. తర్వాత జరిగింది మాత్రం సబబు కాదు. 2013 ఏప్రిల్‌లో గూగుల్ వెబ్‌కిట్ నుంచి విడిపోయి బ్లింక్ పేరుతో వేరు కాపురం పెట్టింది. కొత్త ఇంట్లోంచి మ్యాథ్ఎంఎల్ కోడ్‌ను పూర్తిగా తీసేసింది. అడిగితే ఒక జవాబు సిద్ధంగా ఉంది: జావాస్క్రిప్ట్ లైబ్రరీలతో పని జరిగిపోతోంది కదా.

ఆ జవాబుకు బలమిచ్చింది మ్యాథ్‌జాక్స్. అమెరికాలో యూనియన్ కాలేజీ గణిత అధ్యాపకుడు డేవిడ్ సెర్వోన్ 2004లో జేఎస్‌మ్యాథ్ అనే లైబ్రరీ రాశాడు. దాని వారసుడిగా 2010లో మ్యాథ్‌జాక్స్ వచ్చింది. అమెరికన్ మ్యాథమెటికల్ సొసైటీ వంటి సంస్థలు దాని వెనక నిలబడ్డాయి. టెక్‌లో రాసుకో, ఏ బ్రౌజర్ అయినా సరే చూపిస్తాను అన్నది, మాట నిలబెట్టుకుంది. పేజీలోకి దిగి, ప్రతి గుర్తునూ తానే కొలిచి, తానే పేర్చేది. సూత్రాలు ఎక్కువున్న పేజీ తెరిస్తే ముందు పచ్చి కోడ్ కనబడేది, ఎడమ మూలన శాతం లెక్క పెరుగుతుండేది, చదువుతున్న వరుస ఉన్నట్టుండి కిందికి జారిపోయేది. ఆ నిదానం తట్టుకోలేకే ఖాన్ అకాడమీ 2014లో కేటెక్ తెచ్చింది. ఈ రెండింటికీ మనం ఎంతో రుణపడి ఉన్నాం. అయినా ఒక నిజం ఒప్పుకోవాలి: కిటికీ ఇంత బాగా పనిచేశాక గుమ్మం గురించి అడిగే గొంతు సన్నబడింది.

ఆ గొంతు వినిపించాల్సిన వాళ్లు గూగుల్‌లోనే ఉన్నారు. పుణెలో పుట్టి, చిన్నప్పుడే చూపు కోల్పోయిన టి.వి. రామన్ 1994లో కోర్నెల్ విశ్వవిద్యాలయంలో చేసిన డాక్టరేట్ పనే సమీకరణాల్ని వినిపించే ఆస్టర్ అనే వ్యవస్థ. 2005లో ఆయన గూగుల్‌లో చేరాడు. క్రోమ్‌వాక్స్ అనే చదివి వినిపించే సాధనం వెనక ఆయన ఉన్నాడు. 2013 ప్రాంతంలో ఆ క్రోమ్‌వాక్స్ మ్యాథ్ఎంఎల్‌ను లవం ఇది, హారం ఇది అని విడమరిచి పలికేది. ఒకే కంపెనీలో ఒక సాధనం సమీకరణాన్ని చదవగలదు, ఇంకోటి గీయలేదు. విద్య లేక ఆగిపోయిన పని కాదిదని రుజువు చేయడానికి ఇంతకన్నా ఏం కావాలి?

అన్ని కొసలూ ఒకచోట చేరిస్తే ముడి ఎక్కడ పడిందో తెలుస్తుంది. మ్యాథ్ఎంఎల్ పాత ప్రమాణాలు సూత్రంలో ఏముందో చెప్పాయి, దాన్ని తెర మీద ఎన్ని కొలతలతో పేర్చాలో చెప్పలేదు. అందుకే ఒక్కో బ్రౌజర్‌లో ఒక్కోలా వచ్చింది. ఫాంటుల్లో కొలతలు ఆలస్యంగా వచ్చాయి. కోడ్ రాసినవాళ్లంతా బయటివాళ్లు, వాళ్లు వెళ్లిపోతే చూసుకునే దిక్కు లేదు. బ్రౌజర్ కంపెనీల్లో ఏ ఒక్కదానికీ ఇది సొంత పని కాలేదు.

విప్పిన తీరు కూడా దీన్నే బలపరుస్తుంది. 2019 ప్రాంతంలో స్పెయిన్‌కు చెందిన ఇగాలియా అనే సంస్థ పనికి పూనుకుంది. మొజిల్లా, వెబ్‌కిట్‌లలో ఏళ్ల తరబడి చెమటోడ్చిన ఫ్రెడెరిక్ వాంగ్ అక్కడే ఉన్నాడు. డబ్బు ప్రమాణాల సంస్థలు, ప్రచురణ సంస్థల నుంచి వచ్చింది. వాళ్లు ముందు ప్రమాణాన్నే కత్తిరించారు. మ్యాథ్ఎంఎల్ కోర్ పేరుతో, అవసరమైన ట్యాగులు మాత్రమే ఉంచి, ఒక్కోదాన్ని ఎలా పేర్చాలో ఫాంటులోని కొలతల పట్టికతో సహా అక్షరం పొల్లుపోకుండా రాశారు. దాన్ని బట్టి పరీక్షలు రాశారు. తర్వాతే బ్లింక్‌లో కోడ్ మొదటి నుంచి కట్టారు, ఒక్కో ముక్కనూ గూగుల్ ఇంజినీర్ల సమీక్షకు పెట్టి ఒప్పించుకున్నారు. క్రోమ్ 109తో అది బయటికొచ్చింది. అదే ఇంజిన్ మీద నడిచే ఎడ్జ్‌కూ వచ్చింది. అదే ఏడాది డిసెంబరులో పరిశోధన వ్యాసాల భాండాగారం ఆర్కైవ్ తన కొత్త వ్యాసాల్ని హెచ్‌టీఎంఎల్ రూపంలో ఇవ్వడం మొదలుపెట్టింది. సూత్రాలన్నీ మ్యాథ్ఎంఎల్‌లోనే.

ఒక పోగు మాత్రం ఇంకా చిక్కుబడే ఉంది. కోర్ ప్రమాణంలో పొడుగు సమీకరణాన్ని ఎక్కడ విరిచి కింది వరుసకు తేవాలో చెప్పే భాగం లేదు. కంప్యూటర్ తెర మీద పట్టే సమీకరణం ఫోన్‌లో కుడి అంచు దాటిపోతుంది, సమానం గుర్తు తర్వాతి భాగం చూడాలంటే వేలితో పక్కకు జరపాలి. సమానం దగ్గర విరవాలా, ప్లస్ దగ్గరా, విరిచాక ఎంత లోపలికి జరపాలి అన్నవి అచ్చు పుస్తకంలో కంపోజిటర్ తేల్చేవాడు. పాఠాలు ఎక్కువగా ఫోన్ల మీదే చదువుతున్న పిల్లలకు ఆ పని ఎవరో ఒకరు తలకెత్తుకుని చేసిపెట్టాలి.